పత్రిక కొలతకు కుట్టిన కథ

తెలుగులో తొలి కథ ఏది అన్న వాదన వచ్చినప్పుడల్లా రెండు పేర్లు ఎదురెదురుగా నిలబడతాయి. ఒకటి 1910 ఫిబ్రవరిలో మచిలీపట్నం ‘ఆంధ్రభారతి’లో వచ్చిన గురజాడ అప్పారావు ‘దిద్దుబాటు’. రెండోది 1902 నవంబరులో ‘హిందూ సుందరి’లో వచ్చిన భండారు అచ్చమాంబ ‘ధనత్రయోదశి’. చాలాకాలం పాఠాల్లో గురజాడ కథే మొదటిది. పాత సంచికలు తిరగేసినవాళ్ళు అచ్చమాంబ కథను బయటికి తెచ్చాక లెక్క మారింది. ఎవరు ముందు అన్న మాట అలా ఉంచితే, ఇద్దరి కథలూ మొదట పాఠకుల్ని చేరింది పత్రికలోనే, పుస్తకంగా కాదు. అచ్చమాంబ కథ అన్నేళ్ళు మరుగున పడి ఉండడానికి ఆ పత్రిక సంచికలు సులువుగా దొరక్కపోవడం కూడా ఒక కారణం.

నవలకు పుస్తకం ఉంది. పద్యానికి సభ ఉంది. కథకు పత్రికే దిక్కు. అందుకే తెలుగు కథ చరిత్ర రాయాలంటే రచయితల జీవితాలు ఒక్కటే చూస్తే సరిపోదు. పత్రికలో ఎన్ని పేజీలు, ఎన్నాళ్ళకొక సంచిక, ఎవరు కొంటారు, నష్టం ఎవరు భరిస్తారు అన్నవి కూడా చూడాలి. కథ ఎంత పొడుగుండాలో, ఎవరి గురించి ఉండాలో, ఏ భాషలో ఉండాలో చాలాసార్లు తేల్చింది అవే.

మొదటి కథలు భార్యాభర్తల సంభాషణల్లా, చివరికి ఎవరో ఒకరు బుద్ధి తెచ్చుకునేలా ఉండడం యాదృచ్ఛికం కాదు. కందుకూరి వీరేశలింగం 1883లో ‘సతీహితబోధిని’ పెట్టిన నాటి నుంచి స్త్రీల చదువు కోసం పత్రికలు నడపడం ఒక ఉద్యమంగా సాగింది. ఏలూరులో సత్తిరాజు సీతారామయ్య మొదలుపెట్టిన ‘హిందూ సుందరి’ ఆ దారిలోదే. అప్పుడప్పుడే చదవడం నేర్చుకుంటున్న ఆడవాళ్ళు ఆ పత్రికకు పాఠకులు. వాళ్ళ కోసం రాసే కథ ఇంట్లోనే మొదలవ్వాలి, వాళ్ళకు తెలిసిన పండగ చుట్టూ, తెలిసిన కష్టం చుట్టూ తిరగాలి. అచ్చమాంబ కథలో పేదింటి దంపతులు, దీపావళి ముందురోజులు, పరాయి డబ్బు మీద కలిగే ఆశ ఉంటాయి. ఆ వస్తువును ఎంచుకోవడంలో రచయిత్రి ప్రతిభ ఎంత ఉందో, పత్రిక అవసరం కూడా అంతే కనిపిస్తుంది.

తర్వాతి తరానికి పెద్ద దిక్కు కాశీనాథుని నాగేశ్వరరావు. 1908లో బొంబాయిలో వారపత్రికగా పుట్టిన ‘ఆంధ్రపత్రిక’ 1914లో మద్రాసు వచ్చి దినపత్రిక అయింది. ఏటా ఉగాదికి వచ్చే దాని ప్రత్యేక సంచికలు ఈ రోజుకీ పరిశోధకులకు గని. 1924 జనవరిలో ఆయనే ‘భారతి’ మాసపత్రిక మొదలుపెట్టారు. అది 1991 దాకా నడిచింది. శాసనాల మీద వ్యాసం పక్కన, ఛందస్సు మీద చర్చ పక్కన కథ అచ్చయ్యేది. ఆ చోటు కథకు గౌరవం తెచ్చింది. భారతిలో కథ పడిందంటే ఆ మనిషి రచయిత అని ఊరు ఒప్పుకునేది. మాసపత్రిక కాబట్టి తొందర ఉండేది కాదు, నిడివికి గట్టి కంచె ఉండేది కాదు. శ్రీపాద సుబ్రహ్మణ్యశాస్త్రి కథలు అంత పొడుగ్గా, గోదావరి జిల్లా ఇళ్ళలో మాటలు సాగినంత తీరిగ్గా సాగగలిగాయంటే, ఆనాటి పత్రికలకు ఆ ఓపిక ఉండబట్టే. ఆయన స్వయంగా ‘ప్రబుద్ధాంధ్ర’ అనే పత్రిక నడిపారు కూడా. అలాంటి కథను ఇప్పుడు ఏ ఆదివారం అనుబంధానికి పంపినా తిరిగి వచ్చేస్తుంది.

ఇక్కడ డబ్బు సంగతి చెప్పుకోవాలి. నాగేశ్వరరావు పత్రికల వెనక అమృతాంజనం అమ్మకాలు ఉన్నాయి. 1928లో ‘గృహలక్ష్మి’ పెట్టి, రచయిత్రులకు స్వర్ణకంకణం బహూకరించే సంప్రదాయం తెచ్చిన డాక్టర్ కె.ఎన్. కేసరి వెనక ఆయన కేసరి కుటీరం తయారుచేసిన ‘లోధ్ర’ అనే మందు ఉంది. తెలుగు కథను పెంచిన రెండు గొప్ప పత్రికల్ని రెండు మందులు నిలబెట్టాయి. తలనొప్పికి రాసుకున్న మందు డబ్బు కథకు కాగితమై వచ్చింది. ఇది తక్కువ చేసి చెప్పే మాట కాదు. చందాల మీదే ఆధారపడిన పత్రికలు ఎన్నో ఒకటి రెండేళ్ళకే మూతపడిన కాలమది. పక్కన ఇంకో ఆదాయం ఉన్నవాళ్ళే లాభనష్టాలు చూసుకోకుండా మంచి కథను వేయగలిగారు.

నిజాం రాజ్యంలో పరిస్థితి వేరు. అక్కడ తెలుగులో పత్రిక నడపడమే ఒక పోరాటం. 1922లో వరంగల్ ప్రాంతపు ఇనుగుర్తి అనే పల్లెలో ఒద్దిరాజు సోదరులు అచ్చుయంత్రం పెట్టి ‘తెనుగు పత్రిక’ తెచ్చారు. నల్లగొండ నుంచి ‘నీలగిరి’ వచ్చింది. 1926లో సురవరం ప్రతాపరెడ్డి సంపాదకత్వంలో ‘గోలకొండ పత్రిక’, మరుసటేడు ‘సుజాత’ మొదలయ్యాయి. వీటిలో కథలు వచ్చాయి. కానీ వాటిని మద్రాసు పత్రికల కథలంత జాగ్రత్తగా ఎవరూ పోగుచేయలేదు. అందువల్ల ‘తెలంగాణలో కథ ఆలస్యంగా పుట్టింది’ అన్న మాట దశాబ్దాల పాటు నిలిచిపోయింది. పరిశోధకులు పాత సంచికలు వెతికి జాబితాలు తయారుచేశాకే ఆ మాట తప్పని తేలింది. కథ లేక కాదు, సంచిక దాచినవాళ్ళు లేక ఒక ప్రాంతం చరిత్ర చిన్నదిగా కనిపించింది.

స్వాతంత్ర్యం వచ్చాక వారపత్రికల కాలం వచ్చింది. ఆంధ్రపత్రిక సచిత్ర వారపత్రిక, ఖాసా సుబ్బారావు స్థాపించిన ‘తెలుగు స్వతంత్ర’, 1952లో మొదలైన ఆంధ్రప్రభ వారపత్రిక, 1960లలో వచ్చిన ఆంధ్రజ్యోతి వారపత్రిక, వీటితో పాటు ‘యువ’, ‘జ్యోతి’ లాంటి మాసపత్రికలు. వారానికో సంచిక అంటే, సంచికకు రెండు కథలే అనుకున్నా, ఒక్క పత్రికకే ఏడాదికి వంద కథలు కావాలి. ఇంత ఆకలిని పేరున్న రచయితలు తీర్చలేరు. కొత్తవాళ్ళు కావాలి. ఊళ్ళో బడిపంతులు, రైల్వే గుమాస్తా, ఇంటి పనయ్యాక మధ్యాహ్నం కాగితం పట్టుకునే గృహిణి, అందరికీ తలుపు తెరుచుకుంది. మధ్యతరగతి జీవితం తెలుగు కథలో అంతగా నిండిపోవడానికి ఈ తెరిచిన తలుపే కారణం. రాసినవాళ్ళూ వాళ్ళే, చదివినవాళ్ళూ వాళ్ళే.

ఆ రోజుల్లో కథ పంపడం ఒక క్రతువు. కాగితానికి ఒకవైపే రాయాలి. మార్జిన్ వదలాలి. ‘ఈ కథ నా సొంతం, దేనికీ అనువాదం కాదు, అనుకరణ కాదు, మరే పత్రిక పరిశీలనలోనూ లేదు’ అని హామీపత్రం జతచేయాలి. తిప్పి పంపడానికి సొంత చిరునామా రాసి, తగిన స్టాంపులు అంటించిన కవరు పెట్టాలి. ఆ కవరే తిరుగుటపాలో లావుగా ఇంటికి వస్తే, లోపల ఏముందో విప్పకుండానే తెలిసిపోయేది. ‘ప్రచురణకు స్వీకరించాం’ అని కార్డు వస్తే ఇల్లంతా పండగ. కథ అచ్చయ్యాక ఆ సంచిక కాపీ, కొన్నాళ్ళకు మనియార్డరు. పారితోషికం చిన్నదే అయినా, పోస్టుమన్ వీధిలో నిలబడి పేరు పిలిచి ఇచ్చే డబ్బు అది. అలా పిలిపించుకున్న రచయితకు రెండో కథ రాయడానికి వేరే ప్రోత్సాహం అక్కర్లేదు.

కథకు బొమ్మ ఉండడం కూడా వారపత్రిక పెట్టిన అలవాటే. బాపు గీసిన రెండు గీతల్లో పాత్ర ముక్కూమొహం ఏర్పడిపోయేవి. కథ పేరును ఆయన రాసిన అక్షరాల ఒంపు చూసే అది నవ్వించే కథో, ఏడిపించే కథో పాఠకుడు ఊహించేవాడు. వడ్డాది పాపయ్య ముఖచిత్రం కోసమే ‘యువ’ కొన్నవాళ్ళున్నారు. కథను బొమ్మతో కలిపి గుర్తుపెట్టుకున్న పాఠకులు, తర్వాత అదే కథ సంపుటిలో బొమ్మ లేకుండా కనిపిస్తే ఏదో తగ్గిందనుకుంటారు. ఆ అనిపించడం తప్పు కాదు. వాళ్ళు మొదట చదివింది అక్షరాన్ని ఒక్కదాన్నే కాదు, ఒక పేజీని.

‘యువ’ది ప్రత్యేకమైన చోటు. 1930లలో తెనాలిలో చక్రపాణి మొదలుపెట్టిన ఈ పత్రిక మధ్యలో ఆగి, మళ్ళీ లేచి, కథల మాసపత్రికగా స్థిరపడింది. దాని దీపావళి సంచిక బొద్దుగా ఉండేది. మామూలు సంచికలో పట్టని పెద్ద కథకు దీపావళి సంచికలో చోటు దొరికేది. రచయితలు ఏడాదంతా మంచి కథను దాచుకుని దానికే పంపేవారు. కాళీపట్నం రామారావు ‘యజ్ఞం’ లాంటి బరువైన కథ, పల్లెటూరి అప్పు వెనక ఉన్న ఆర్థిక చట్రాన్ని అంత విపులంగా విప్పిన కథ, ‘యువ’ లాంటి జనరంజకమైన పత్రికలో వచ్చిందంటే ఇప్పుడు ఆశ్చర్యంగా ఉంటుంది. సాహిత్య పత్రిక వేరు, కాలక్షేపం పత్రిక వేరు అనే గోడ అప్పటికింకా పూర్తిగా లేవలేదు. చక్రపాణి, నాగిరెడ్డి కలిసి 1947 జులైలో తెచ్చిన ‘చందమామ’ కూడా ఇక్కడే గుర్తొస్తుంది. 1952 నుంచి 1980లో చనిపోయేదాకా కొడవటిగంటి కుటుంబరావు దాన్ని నడిపారు. వచ్చిన కథల్ని తేట తెలుగులోకి తిరగరాసి వేశారు. తెలుగు పాఠకులు రెండు మూడు తరాల వాళ్ళు వాక్యం చదవడం నేర్చుకున్నది అక్కడే. వాళ్ళే పెద్దయ్యాక వారపత్రికలకు పాఠకులయ్యారు.

పోటీల గురించి కొంచెం ఆగి చెప్పాలి. రాజమండ్రి ‘చింతామణి’ 1890లలోనే నవలలకు పోటీలు పెట్టింది. 1952లో న్యూయార్క్ హెరాల్డ్ ట్రిబ్యూన్ నడిపిన ప్రపంచ కథల పోటీలో పాలగుమ్మి పద్మరాజు కథకు రెండో బహుమతి వచ్చాక, పోటీ అంటే తెలుగు రచయితకు ఒక మోజు ఏర్పడింది. దీపావళికి, ఉగాదికి, సంక్రాంతికి పోటీ పెట్టని పత్రిక లేదు. దీనివల్ల కొత్తవాళ్ళు ఎందరో వెలుగులోకి వచ్చారు. కానీ పోటీ కథకు ఒక అచ్చు కూడా తయారైంది: మొదట్లో పట్టుకునే సంఘటన, మధ్యలో కన్నీళ్ళు, చివర్లో మలుపు, అందులో ఒక సామాజిక సందేశం. బహుమతి రాకపోయినా ‘సాధారణ ప్రచురణ’కు తీసుకుంటారన్న ఆశతో వందలమంది అదే అచ్చులో పోశారు. తెలుగు కథ మీద ‘ఒకటే మూస’ అన్న విమర్శకు సగం బాధ్యత ఈ పోటీలదే.

1960లు, 70లలో సీరియల్ విజృంభించింది. రచయిత్రుల నవలల కోసం ఆడవాళ్ళు వారం వారం ఎదురుచూశారు. అద్దె పుస్తకాల షాపులు వీధివీధినా వెలిశాయి. పత్రిక నుంచి సీరియల్ పేజీలు విప్పి, వరుసగా పేర్చి, బైండు చేయించుకున్న ప్రతులు చాలా ఇళ్ళ అటకల మీద ఇంకా ఉన్నాయి. ఈ ఉధృతిలో కథ రెండో స్థానానికి జరిగింది. వచ్చే వారం పాఠకుణ్ణి మళ్ళీ రప్పించేది సీరియల్. కథ ఆ వారంతో అయిపోతుంది. వ్యాపారం చూసుకునే సంపాదకుడికి ఆ తేడా చాలు.

అప్పుడే చిన్న పత్రికలు ఇంకో దారి వేశాయి. 1966లో హనుమకొండ నుంచి వరవరరావు, మిత్రులు ‘సృజన’ మొదలుపెట్టారు. కొన్ని సంచికల్ని ప్రభుత్వం నిషేధించినా అది 1992 దాకా కొనసాగింది. కడప నుంచి రాచమల్లు రామచంద్రారెడ్డి 1968లో తెచ్చిన ‘సంవేదన’ కొద్ది సంచికలే వచ్చింది, కానీ సాహిత్య విమర్శ ఎంత నిక్కచ్చిగా ఉండొచ్చో చూపించింది. విప్లవ రచయితల సంఘం (విరసం) తెచ్చిన ‘అరుణతార’, జనసాహితి సంస్థ తెచ్చిన ‘ప్రజాసాహితి’ ఒక రాజకీయ దృక్పథంతో కథను ఎంచుకున్నాయి. పెద్ద పత్రికలు భయపడే వస్తువు, అంటే పోలీసు కాల్పులు, భూపోరాటం, కులం, వీటిలో చోటు చేసుకుంది. వీటి కాపీలు తక్కువే. కానీ ఒక్కో కాపీ చేతులు మారి పదిమంది చదివేవారు. నిడివికి అడ్డు లేదు, పారితోషికం లేదు. మెచ్చుకునేది, తిట్టేది తోటి రచయితలే కాబట్టి రాసేవాళ్ళు మరింత శ్రద్ధగా రాశారు. అయితే వస్తువు సరైనదైతే చాలు, శిల్పం ఎలా ఉన్నా ఫర్వాలేదన్న ఉదారత కూడా కొన్ని సంచికల్లో కనిపిస్తుంది. అది కథకు మేలు చేయలేదు.

వ్యాపార పత్రికల్లో ‘స్వాతి’ కథ వేరు. 1970లో వేమూరి బలరామ్ విజయవాడ నుంచి మాసపత్రికగా పెట్టారు. 1984లో వారపత్రిక కూడా వచ్చింది. చిన్న కథలు, సరసమైన కథలు, సీరియళ్ళు, భారీ బహుమతుల పోటీలు కలిపి టీవీ రోజుల్లో కూడా పాఠకుణ్ణి వదలకుండా పట్టుకుంది. 1978లో రామోజీరావు ‘విపుల’, ‘చతుర’ మొదలుపెట్టారు. చతుర నెలకో నవల ఇచ్చింది. విపుల పూర్తిగా కథలకే. తెలుగు కథలతో పాటు ఇతర భారతీయ భాషల కథలు, విదేశీ కథలు అనువాదమై అందులో వచ్చాయి. బస్సులో పట్టుకు చదువుకునే చిన్న పుస్తకం అది. ఇంగ్లీషు రాని తెలుగు పాఠకుడు చెకోవ్‌నూ మపాసానూ ఏ అడ్డూ లేకుండా కలిసే చోట్లలో అదొకటి.

1990లలో టీవీ సీరియల్ పత్రిక సీరియల్‌ను మింగేసింది. వారపత్రికలు ఒక్కొక్కటే బక్కచిక్కాయి. కథ దినపత్రికల ఆదివారం అనుబంధాలకు చేరింది. పాఠకుల సంఖ్య చూస్తే ఇంత పెద్ద వేదిక కథకు ఎన్నడూ లేదు, ఒక్క ఆదివారం లక్షల ఇళ్ళలోకి వెళ్తుంది. కానీ ఆ పుస్తకంలో కథకు దొరికేది మూడు నాలుగు పేజీలు, అందులో బొమ్మ పోను మిగిలిన జాగా. దాంతో రచయితలు ఆ కొలతకు ముందే కుట్టడం మొదలుపెట్టారు. పాత్రలు రెండుమూడుకు తగ్గాయి. ఊరు, వాతావరణం, పక్కింటి మనిషి, కథకు నేరుగా పనికిరాకపోయినా బతుకును చూపించే వివరం, ఇవన్నీ కత్తెరకు పోయాయి. అల్పాహారంతో పాటు అన్ని వయసుల వాళ్ళూ చదివేది కాబట్టి ఎవర్నీ నొప్పించని వస్తువుకు మొగ్గు. ఇప్పుడు వచ్చే కథల్లో అమెరికా కొడుకు కోసం ఎదురుచూసే తల్లిదండ్రులు అంత ఎక్కువగా ఎందుకుంటారో అర్థం చేసుకోవాలంటే రచయితల ఊహాశక్తిని తప్పుపట్టడం కన్నా ఆ మూడు పేజీల్ని చూడడం మేలు.

సరిగ్గా ఈ మార్పు మొదలైన రోజుల్లోనే రెండు మంచి పనులు జరిగాయి. వాసిరెడ్డి నవీన్, పాపినేని శివశంకర్ సంపాదకత్వంలో కథాసాహితి, 1990 కథలతో మొదలుపెట్టి, ఏటా అన్ని పత్రికలూ చదివి కొన్ని కథల్ని ఏరి సంపుటిగా తేవడం ఆరంభించింది. వారంలో పాతబడే పత్రిక కథకు ఇంకొంచెం ఆయుష్షు దొరికింది. ఇంతకన్నా పెద్ద పని 1997 ఫిబ్రవరి 22న శ్రీకాకుళంలో తలుపులు తెరిచిన కథానిలయం. కాళీపట్నం రామారావు, అందరికీ కారా మాస్టారు, తన అవార్డుల డబ్బూ పుస్తకాల మీద వచ్చిన డబ్బూ పెట్టి, తెలుగులో వచ్చిన ప్రతి కథనూ ఒకచోట చేర్చాలని కట్టిన ఇల్లు అది. ఎవరింట్లో పాత సంచికలున్నాయని తెలిసినా ఉత్తరం రాసి, మనిషిని పంపి, జిరాక్సు తీయించి తెప్పించుకున్నారు. ఎంతోమంది రచయితల దగ్గర తమ సొంత కథల కాపీలే లేవు. వాళ్ళకు వాళ్ళ కథలు కథానిలయంలో దొరికాయి. ఇప్పుడు ఆ కథల్లో చాలావాటిని స్కాన్ చేసి ఇంటర్నెట్‌లో ఉచితంగా పెట్టారు.

కరోనా కాలం అచ్చు పత్రికలకు చివరి దెబ్బ లాంటిది. 2020లో ఆంధ్రభూమి అచ్చు ఆగింది, నవ్య వారపత్రిక ఆగింది. 2021లో విపుల, చతుర ఆగిపోయాయి. నలభై ఏళ్ళకు పైగా నెలనెలా వచ్చిన పుస్తకం ఇక రాదని తెలిసినప్పుడు పాఠకులు చుట్టం పోయినట్టు బాధపడ్డారు. చిన్న సాహిత్య మాసపత్రికలు కొన్ని, చందాదారుల అభిమానం మీద, సంపాదకుల జేబు మీద ఇంకా నడుస్తున్నాయి.

అప్పటికే కథ ఇంకో ఇల్లు చూసుకుంది. 1998 నవంబరులో అమెరికాలోని తెలుగువాళ్ళు ‘ఈమాట’ అనే ఎలక్ట్రానిక్ పత్రిక తెచ్చారు. 2007లో కిరణ్‌ప్రభ ‘కౌముది’ నెలనెలా పీడీఎఫ్ రూపంలో మొదలైంది. తర్వాత సారంగ, సంచిక, నెచ్చెలి, ఇంకా ఎన్నో. వీటికి పేజీల కొరత లేదు, అచ్చు కాగితాల లెక్క లేదు. శ్రీపాద కథంత పొడుగు కథ మళ్ళీ రాయొచ్చు. ‘ఈమాట’ వచ్చిన రచనను సమీక్షకుల చేత చదివించి, రచయితతో మాటామంతీ జరిపి దిద్దించే పద్ధతి పెట్టుకుంది. పాత వారపత్రికల్లో మంచి సంపాదకుడు ఒక్కడే చేసిన పని అది. కానీ చాలా వెబ్ పత్రికల్లో ఆ దిద్దుబాటు లేదు. వచ్చింది వచ్చినట్టు పెట్టేస్తున్నారు. జాగా కొరత లేనప్పుడు కాదనడానికి సాకు ఉండదు. పారితోషికం దాదాపు ఎక్కడా లేదు. ఇక్కడ అమృతాంజనం లాంటి ఆసరా లేదు, సంపాదకుల ఉద్యోగం జీతమే ఆసరా.

ఆ ఆసరా తప్పుకుంటే ఏమవుతుందో ఇప్పటికే కనిపిస్తోంది. అచ్చు పత్రిక మూతపడినా, దాని సంచికలు వేటపాలెం సారస్వత నికేతనం లాంటి పాత గ్రంథాలయాల్లోనో, ఎవరింటి అటక మీదో, పాత పుస్తకాల కొట్టులోనో మిగిలాయి. అచ్చమాంబ కథ వందేళ్ళ తర్వాత దొరికింది అలాగే. వెబ్ పత్రిక ఆగిపోయి, ఏటా కట్టాల్సిన డొమైన్ రుసుము ఒక్కసారి కట్టకపోతే, అందులోని వందల కథలు ఆ రోజే మాయమవుతాయి. అటక మీద వెతకడానికి ఏమీ ఉండదు. ఇరవై ఏళ్ళ కిందట వెబ్‌లో కథలు రాసినవాళ్ళలో కొందరి దగ్గర ఇప్పుడు ఆ కథల లింకులున్నాయి, నొక్కితే ఏ పేజీ తెరుచుకోదు. కారా మాస్టారు జిరాక్సు మిషన్‌తో చేసిన పనిని ఈ కథలకు ఎవరో ఒకరు ఇప్పుడే, ఇంకా తెరుచుకుంటున్న పేజీలతో, మొదలుపెట్టాల్సి ఉంది.